కాలు ఒప్పుకోవాలె

ఎంత నొప్పని మొత్తుకున్నా సరే, గౌసియాబీ ఏ మనిషినీ ముందుగా అరచేత్తో ముట్టుకునేది కాదు. కుడిచేతిని తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఒంటికి ఆనించేది. జొన్నరొట్టె వేసే ముందు ఆడవాళ్ళు పెంక మీద చెయ్యి ఆడించి వేడి చూస్తారే, అట్లా. ఒక కాలు చూసి రెండో కాలు చూసేది. మళ్ళీ మొదటి కాలికి వచ్చేది. అంతసేపూ ఆమె ముఖం గోడవైపు తిరిగి ఉండేది, పక్కింట్లోంచి ఎవరో చెబుతున్న మాట వింటున్నట్టు.

ఆ సోమవారం పొద్దున చంద్రవ్వ కాళ్ళ దగ్గర ఆమె మామూలుకన్నా ఎక్కువసేపు కూచుంది. చివరికి నూనె గిన్నె మీద మూత పెట్టి లేచింది.

“ఇయ్యాల వద్దు,” అంది.

“ఎందుకు వద్దు బీబమ్మా? తెల్లార్లు నొప్పి నొప్పని మూలిగింది పాపం,” అంది నర్సు పద్మమ్మ.

“ఎడమ కాలు వద్దంటున్నది. కాలు ఒప్పుకోవాలె గద.”

మంచం మీది చంద్రవ్వ నొప్పిలోనే నవ్వింది. “మా ఆయన ఏనాడన్న నన్ను ఒప్పుకుంటవా అని అడిగిండా? నువ్వు నా కాలునే అడుగుతున్నవు!”

“అందుకే నీకు ఇది మూడో కాన్పు,” అంది గౌసియాబీ, నవ్వకుండా. పక్క మంచాలవాళ్ళు కూడా పకపకా నవ్వారు. పద్మమ్మా నవ్వింది. కాలు మాట్లాడటమేమిటి, ఒప్పుకోవటమేమిటి అనుకుంది మనసులో. ముసలామెకు ఇవాళ చేతులు నొస్తున్నాయేమో, ఆ మాట పైకి అనలేక కాలిమీద పెడుతోందేమో అని కూడా అనుకుంది.

అది 1961 ఎండాకాలం. తాండూరులో బండల వ్యాపారులు నలుగురు కలిసి కట్టించిన చిన్న ధర్మ దవాఖాన అది. పన్నెండు మంచాలు, ఒక డాక్టరు, కాంపౌండరు హనుమంతు, ఇద్దరు నర్సులు. నేలంతా నున్నగా సాన పట్టిన నాపరాళ్ళు. మధ్యాహ్నం వాటి మీద తడిగుడ్డ వేస్తే చాలు, వార్డంతా చల్లబడేది. గౌసియాబీ దవాఖాన మనిషి కాదు. అరవై దాటిన మంత్రసాని. ఊళ్ళో పుట్టిన పిల్లలకు నూనె రాసి నీళ్ళు పోయటం, బాలింతలకు ఒళ్ళు పట్టటం ఆమె పని. ఆ పని మీదే దవాఖానకూ వచ్చేది. రెండేళ్ళుగా పోలియోతో చచ్చుబడ్డ పిల్లల కాళ్ళు కూడా ఆమె చేతికే వస్తున్నాయి. ఇప్పుడు వికారాబాద్ పెద్ద దవాఖానలో అట్లాంటి పిల్లలకోసం వేరే వార్డు పెడుతున్నారు. మాలిష్ తెలిసిన నర్సులు కావాలన్నారు. శనివారం పరీక్ష. రెండు నెలలుగా పద్మమ్మ ఒకవైపు డాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం, మరోవైపు గౌసియాబీ చేతులు చూసి నేర్చుకుంటూ ఉంది. పుస్తకంలో నూనె లేదు, పౌడరు ఉంది. గౌసియాబీ దగ్గర పౌడరు లేదు, వాము, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె ఉంది. బొమ్మల్లో బాణం గుర్తులున్నాయి. గౌసియాబీని ఏ వైపు ఒత్తాలని అడిగితే, “గుండెదిక్కు” అనేది. బాణాలూ ఆ దిక్కే చూపించేవి. అది చూసి పద్మమ్మ ఆశ్చర్యపోయింది కూడా. కానీ కాలు మాట్లాడుతుందన్న సంగతి పుస్తకంలో తను చదివినంతవరకూ ఎక్కడా లేదు.

మధ్యాహ్నం నమాజు వేళకు గౌసియాబీ ఇంటికి పోయింది. డాక్టరు భోజనానికి పోయాడు. హనుమంతు మందుల గదిలో బల్లమీద తల పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. పక్క మంచాలవాళ్ళూ ఎండకు సోలి నిద్రపోతున్నారు. చంద్రవ్వ మళ్ళీ మూలగటం మొదలుపెట్టింది. పురుడై పదకొండు రోజులు. కష్టమైన కాన్పు. అప్పటినుంచీ మంచం దిగలేదు. పక్కన గుడ్డలో చుట్టిన ఆడపిల్ల కళ్ళు మూసుకునే మూతి చప్పరిస్తోంది.

“అక్కా, జర నువ్వన్న పట్టరాదు? పిక్క పట్టేసినట్టున్నది,” అంది చంద్రవ్వ.

పద్మమ్మ కిటికీలో ఉన్న పుస్తకం వైపు చూసింది. పిక్క అధ్యాయం నిన్ననే అయిపోయింది. పరీక్షకు ఐదు రోజులుంది. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతుల్లో పౌడరు చల్లుకుంది.

చీలమండ నుంచి మోకాలి దాకా ముందు మెల్లగా నిమిరింది. తరువాత బొటనవేళ్ళతో లోతుగా. కాలు వెచ్చగా ఉంది, ఆ వేడి పౌడరులోంచి కూడా తెలుస్తోంది. ఎండాకాలం కదా అనుకుంది. పిక్క వెనక ఒకచోట తాడులాగా గట్టిగా తగిలింది. పట్టేసిన కండను పిసికి వదులు చేయాలని పుస్తకంలో ఉంది. అక్కడే ఎక్కువసేపు పిసికింది. చంద్రవ్వ ముందు పళ్ళు బిగబట్టింది. తరువాత ఒళ్ళు వదిలేసింది.

“అబ్బా. నీ చేతులు చల్లగుండ అక్కా,” అంది కళ్ళు మూసుకుని.

గౌసియాబీ కాదన్న పని తన చేతులు చేశాయి. పద్మమ్మ చేతులు కడుక్కుంటూ అద్దంలో ముఖం చూసుకుంది. లోలోపల ఒక చిన్న గర్వం. దాన్ని ఆమె దాచుకోలేదు. దాచుకోవటానికి అక్కడ చూసేవాళ్ళూ లేరు.

నాలుగింటికి చంద్రవ్వ మంచం దిగబోయి, ఛాతీ పట్టుకుని, నేలమీద కూలబడింది.

పద్మమ్మ పరుగెత్తేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి అందటం లేదు. దగ్గితే గుడ్డమీద ఎర్రటి చార. డాక్టరు వచ్చాడు, గుండె చూశాడు, కోక పైకి తీసి కాళ్ళు చూశాడు. ఎడమ పిక్క కుడిదానికన్నా లావుగా, మెరుస్తూ ఉంది. అది ఇవాళ వచ్చిన వాపు కాదని ఆయనకు తెలిసింది. పొద్దున తాను ఆ దుప్పటి ఎత్తి చూడలేదన్న సంగతీ తెలిసింది. ఆయన గొంతు పెరిగింది.

“ఈ కాలు ఎవరు పట్టారు?”

“మాలిష్ అంటె గౌసియాబీయే కద సార్,” అన్నాడు హనుమంతు.

సరిగ్గా అప్పుడే గౌసియాబీ నూనె గిన్నె పట్టుకుని గడపలో అడుగు పెట్టింది.

చంద్రవ్వ మొగుడు భీమప్ప గనిలోంచి పరుగున వచ్చాడు. ఒళ్ళంతా రాతిదుమ్ము, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. “నీ చేతులిరిగిపోను! నా పెండ్లాన్ని ఏం జేసినవే ముసల్దానా!” అని మీదికి వచ్చాడు. హనుమంతు నడుం పట్టి ఆపాడు.

“కాలిలో నెత్తురు గడ్డకట్టింది. పిసికితే ఆ ముక్క ఊడి ఊపిరితిత్తులకు పోయింది,” అన్నాడు డాక్టరు. “ఏమీ తెలియని చేతులను లోపలికి రానివ్వటమే నా తప్పు.”

“నేను పట్టలె,” అంది గౌసియాబీ.

ఎవరూ వినలేదు. పద్మమ్మ విన్నది. ఆమె అప్పుడు చంద్రవ్వ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతోంది. నలభై దాకా లెక్కపెట్టింది. తరువాత అంకె తప్పింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టటం మొదలుపెట్టింది. నోరు తెరిస్తే అంకె తప్పుతుందన్నట్టు నోరు మూసుకునే ఉంది.

గౌసియాబీ గిన్నెను కిటికీలో పెట్టి, మంచం దగ్గరికి వచ్చి, వంగి, దుప్పటి అంచున ఉన్న తెల్లటి పొడిని ఒక వేలితో తీసింది. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది. పద్మమ్మ చేతుల వైపు చూసింది. ఆ వేలిని తన చీరకొంగుకు తుడుచుకుంది. బయటికి నడిచింది. నూనె గిన్నె కిటికీలోనే ఉండిపోయింది.

సాయంత్రం ప్యాసింజరులో చంద్రవ్వను నులకమంచంతో సహా వికారాబాద్ తీసుకుపోయారు. డాక్టరు తానే వెంట వెళ్ళాడు. భీమప్ప పసిపిల్లను రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. పిల్ల నెత్తిమీద రాతిదుమ్ము పడుతోంటే పద్మమ్మ తన చేతిరుమాలు తీసి కప్పింది. “నీ ఋణం తీర్చుకోలేనమ్మా,” అన్నాడు భీమప్ప.

మంగళవారం నర్సప్ప తన నాలుగేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. గోవిందమ్మ దాని పేరు. రెండు కాళ్ళూ చింతకాయల్లా వేలాడుతుంటాయి. గౌసియాబీ దగ్గర మూడు నెలలుగా మాలిష్ చేయించుకుంటోంది. ఈమధ్యే కుడికాలి బొటనవేలు కదుపుతోంది. దాన్ని ఊళ్ళో అందరికీ చూపిస్తాడు నర్సప్ప.

పద్మమ్మ దాన్ని బల్లమీద పడుకోబెట్టి కాలు పట్టుకుంది. గోవిందమ్మ మోకాలు ముడుచుకోలేదు గదా, అందుకని నడుమే వెనక్కి లాక్కుంది.

“బీబీ ఏది?” అంది.

“బీబీ రాదు. నేను చేస్త.”

“నీ చెయ్యి సల్లగున్నది. బీబీ చెయ్యి రుద్దుకుంటది ముందుగాల.”

పద్మమ్మ చేతులు రుద్దుకుంది. వెచ్చబడే దాకా రుద్దుకుంది. అయినా పిల్ల ఆమె ముఖంలోకి చూడకుండా పైకప్పు దూలాలు లెక్కపెడుతూ పడుకుంది.

“ఊరంత అనుకుంటున్నరు సిస్టరమ్మా,” అన్నాడు నర్సప్ప. “ముసల్ది ఆమెను సంపినంత పని చేసిందట. దేవుడు చల్లగ చూసిండు, నా బిడ్డకేం కాలె.”

“అది నిజం కాదు,” అంది పద్మమ్మ.

“ఆఁ?”

ఆ మాట ఎంత మెల్లగా అందంటే, తనకే సగం వినపడింది. ఇంకోసారి అనవచ్చు. నర్సప్ప చెవి ముందుకు పెట్టి ఎదురు చూస్తున్నాడు కూడా.

“ఏం లేదు. కాలు జర మెల్లగ పట్టుకో అంటున్న,” అంది.

బుధవారం బజారుకు పోతూ గొల్లవాడలో ఒక ఇంటిముందు గౌసియాబీ నిలబడి ఉండటం చూసింది. ఆ ఇంట్లో కొడుకు పుట్టి వారమైంది. ఆమె చేతిలో కొత్త గిన్నె, అల్యూమినియంది. లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది. “వద్దులె బీబమ్మా, పిల్లగాడు పండుకున్నడు. మళ్ళ పిలుస్తం.” ఆ మాటల వెనకే పిల్లవాడు గుక్కపట్టి ఏడవటం వీధి చివరిదాకా వినిపించింది. గౌసియాబీ ఇంకొంచెంసేపు నిలబడింది. ఏడుపు విని, “చెవిల నొప్పున్నట్టున్నది. వెల్లుల్లి రెబ్బ ఉడికిచ్చి గుడ్డల మూటకట్టి కాపడం పెట్టున్రి,” అని మూసిన తలుపుతో చెప్పి, తిరిగింది.

పద్మమ్మ పక్క సందులోకి తప్పుకుంది. తన జీవితంలో ఎవరికీ అప్పటిదాకా అట్లా తప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం డ్యూటీలో పుస్తకం తెరిచింది. పిక్క తరువాత తొడ, తొడ తరువాత నడుము. అన్నీ వదిలేసి చివరి పేజీలకు పోయింది. చివరి అధ్యాయం పేరు, మాలిష్ చేయకూడని సందర్భాలు. మొదటి పంక్తిలోనే ఉంది: కాన్పు అయినవాళ్ళలో, చాలారోజులు మంచం పట్టినవాళ్ళలో ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా ఉంటే దాన్ని ఒత్తరాదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. రెండు కాళ్ళనూ చేతి వెనకవైపుతో పోల్చి చూడాలి.

చేతి వెనకవైపు. పద్మమ్మ ఆ పదాల మీద వేలు పెట్టి చాలాసేపు ఉంది. పుస్తకం రాసినవాడు చివర పెట్టినదాన్ని గౌసియాబీ రోజూ మొదట పెట్టింది. తన కళ్ళముందే, రెండు నెలలు. తను నవ్వింది.

వేలికింద కాగితం తడిసి, అక్షరాలు కొంచెం ఉబ్బాయి.

వికారాబాద్ నుంచి తిరిగి వచ్చిన డాక్టరు చంద్రవ్వకు ప్రాణగండం తప్పిందని చెప్పాడు. పద్మమ్మ నోరు తెరిచింది. “శనివారం బాగా చెయ్యి,” అన్నాడాయన. “మన దవాఖానకు మంచి పేరు రావాలి ఇప్పుడు. ఇక్కడ తెలిసినవాళ్ళే చేస్తారని నలుగురికీ తెలియాలి.” ఆమె నోరు మూసుకుంది. హనుమంతు టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, ఈగలు వాలకుండా దానిమీద సాసరు బోర్లించి పోయాడు. ఆ చిన్న పనికే ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

శనివారం పొద్దున్నే బండి ఎక్కింది. సంచిలో పౌడరు డబ్బా, తువ్వాలు, ఎందుకు పెట్టుకుందో తెలియకుండానే పెట్టుకున్న గౌసియాబీ ఇత్తడి గిన్నె. ధారూరు దాటేదాకా కిటికీ పక్కన కూచున్న ఒక ముసలమ్మ కీరదోసకాయ సగం విరిచి ఆమె చేతిలో పెట్టి, “తిను బిడ్డా, ముఖం పీక్కుపోయింది,” అంది. పద్మమ్మ తిన్నది. ఆ సాయం పుచ్చుకునే యోగ్యత తనకుందా అనుకుంటూనే తిన్నది.

పరీక్షకు ఇంకా గంట ఉంది. ఆడవాళ్ళ వార్డులోకి పోయింది.

చంద్రవ్వ దిండ్లకు ఆనుకుని కూచుంది. ముఖం పాలిపోయింది గానీ కళ్ళలో వెలుగు తిరిగి వచ్చింది. పిల్ల పాలు తాగుతోంది. పద్మమ్మను చూడగానే చంద్రవ్వ చెయ్యి చాచింది.

“వచ్చినవా అక్కా! నువ్వు లేకుంటె ఆనాడు నేలమీదనే పోయేదాన్ని.”

“ఎట్లున్నది?”

“మంచిగున్న. కాలు కదపొద్దన్నరు.” చంద్రవ్వ గొంతు తగ్గించింది. “అక్కా, ఒక్కటి చెప్పు. నాకు నువ్వు పట్టినదే యాదికున్నది. ఎంత సుకమైందో. మరి ముసల్ది ఎప్పుడొచ్చి పట్టింది? అందరు అంటున్నరు, నువ్వు పోయినంక వచ్చిందట. నేను నిద్రల ఉన్ననట. నాకు తెల్వకుండనే పట్టిందంటావా?”

పద్మమ్మ పిల్ల తలమీది గుడ్డ సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

“అంతేనేమో లే,” అంది చంద్రవ్వ తనే. “నీ చేతిల అయితె అట్ల కాదు గద.”

పరీక్ష గదిలోంచి పద్మమ్మ పేరు పిలిచారు.

పరీక్ష పెట్టేది పెద్ద డాక్టరమ్మ. నెరిసిన జుట్టు, తాపీ నడక, లావుపాటి అద్దాలు. గోడపక్కన అంతకుముందు పరీక్ష అయిన ముగ్గురు నర్సులు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. బల్లమీద ఒక నడివయసు ఆడమనిషి, నడుము దాకా దుప్పటి. డాక్టరమ్మ దుప్పటి పైకి తీసింది.

“కడుపు కోసి ఇరవై రోజులైంది. కుడికాలు నొప్పి అంటుంది. మొదలుపెట్టు.”

పద్మమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. గోవిందమ్మ గుర్తొచ్చి, రెండు చేతులూ రుద్దుకుంది. సంచిలోంచి పౌడరు డబ్బా తీయబోయి, ఆగి, కుడిచేతిని తిరగేసింది. వేళ్ళ వెనకవైపు కుడి పిక్కకు ఆనించింది. ఎడమ పిక్కకు ఆనించింది. మళ్ళీ కుడిదానికి వచ్చింది. ముఖం దానంతట అదే గోడవైపు తిరిగింది.

కుడికాలు పెంకలాగా కాలుతోంది.

“ఈ కాలు నేను పట్టను డాక్టరమ్మా,” అంది. “వద్దంటున్నది.”

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

“పొద్దున్నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ నేరుగా డబ్బా మూత తీశారు. ముగ్గురి చేతులూ నేను పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఒత్తటం ఎవరికైనా నేర్పవచ్చు. ఎక్కడ ఒత్తకూడదో తెలిసిన చెయ్యి కావాలి నాకు.” ఆమె కాగితం ముందుకు లాక్కుంది. “పుస్తకంలో ఆ చివరి పేజీల దాకా చాలామంది రారు. నువ్వు బాగా చదివావు.”

కలం సిరాలో ముంచింది. గదిలో అందరూ పద్మమ్మ వైపే చూస్తున్నారు. ఆమె జీవితంలో ఇంతమంది ఇంత మెచ్చుకోలుగా ఎప్పుడూ చూడలేదు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. కలం తన పని తాను చేసుకుపోతుంది.

“ఇది చదివి చేసింది కాదు,” అంది పద్మమ్మ.

కలం ఆగింది.

“ఇది గౌసియాబీ నేర్పింది. తాండూరుల. ఇక్కడ మీ వార్డుల మూడో మంచం మీద ఉన్న చంద్రవ్వ కాలును ఆమె ఇట్లనే చూసి, వద్దన్నది. ఆమె పోయినంక నేను పట్టిన. పౌడరు పెట్టి, గట్టిగున్న చోట ఇంకింత పిసికిన. అందరు ఆమెననుకున్నరు. నేను అక్కడనే ఉండి చెప్పలె. ఆరు రోజుల నుంచి చెప్పలె.”

నాడి లెక్కపెట్టినట్టు ఒక్కో మాటా పడింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “ఇక్కడ చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.”

“చంద్రవ్వకు తెలుసు డాక్టరమ్మా. తెల్వదనుకుంటున్నది.”

డాక్టరమ్మ రెండు తెల్లకాగితాలు తీసి ఆమె ముందుకు జరిపింది. “జరిగింది జరిగినట్టు రాయి. రెండు ప్రతులు. ఒకటి మీ డాక్టరుకు నేనే పంపుతాను. సర్టిఫికెట్టు మీద ఇవాళ సంతకం పెట్టను. తరువాత పెడతానో లేదో ఇప్పుడు చెప్పలేను.” కొంచెం ఆగి అంది. “చంద్రవ్వకు మాత్రం నేను చెప్పను. అది నీ పని.”

రాసింది. సంతకం చేసింది. వార్డులోకి నడిచింది.

చంద్రవ్వ అంతా విన్నది. పద్మమ్మ చెప్పటం ముగించాక, మెల్లగా దుప్పటి లాక్కుని రెండు కాళ్ళూ కప్పుకుంది. డాక్టర్లు కదపొద్దన్న కాలిని కూడా అంగుళం అటు జరుపుకుంది.

“పో అక్కా,” అంది. “బిడ్డ పండుకున్నది.”

ఒళ్ళో పిల్ల కళ్ళు తెరిచి, కిటికీ వెలుగువైపు చూస్తోంది.

గౌసియాబీ ఇల్లు తాండూరు స్టేషను వెనక సందులో. ఇంకా ఎండ వాలలేదు. తలుపు తీసే ఉంది. ఆమె గోడకు ఆనుకుని, ఒక కాలు చాపుకుని, వెల్లుల్లి పొట్టు తీస్తోంది. తీసిన రెబ్బలు నాలుగే. పని లేని చేతులు ఆ నాలుగింటినే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాయి.

పద్మమ్మ గడపలో నిలబడి ఇత్తడి గిన్నె కింద పెట్టింది.

“దొరికిందా. చెమ్మకు చిలుమెక్కలేదు గద,” అంది గౌసియాబీ.

పద్మమ్మ నిలబడే చెప్పింది. పరీక్ష, కాగితం, చంద్రవ్వ. అంతా విని గౌసియాబీ నెత్తి కొట్టుకుంది.

“యా అల్లా! రెండు కాయిదాలు గూడ రాసిచ్చినవా! ఇగ నిన్ను గూడ ఎల్లగొడ్తరు. మరి నర్సప్ప బిడ్డ కాళ్ళు ఎవరు పడ్తరు? హనుమంతు పడ్తడా? వానికి సీసా మూతనే సక్కగ తియ్యరాదు.”

“పౌడరు చూసినవు గద బీబమ్మా. ఆనాడే ఎందుకు చెప్పలె?”

“నేను పట్టలె అన్న గద. ఒక్కసారి చెప్తె నమ్మనోళ్ళు రెండుసార్లు చెప్తె నమ్ముతరా? మిగిలినది నీ నోట్ల ఉండె. నీ నోట్ల ఉన్నది నేనెట్ల చెప్త?”

పద్మమ్మ గడపమీదే కూచుంది.

“ఆరు దినాలు, నర్సమ్మా,” అంది గౌసియాబీ. గొంతులో కోపం లేదు, లెక్క ఉంది. “ఈ ఆరు దినాల్ల ఊర్ల ముగ్గురు పుట్టిండ్రు. పుట్టిన పది దినాల్ల తలకాయ ఒత్తాలె, లేకుంటె గుండ్రం కాదు. ముగ్గురికి నా చెయ్యి పడలె. రేపు నీ డాక్టరు పిలిచినా, ఊరు పిలిచినా, ఆ దినాలు రావు. నువ్వు ముసల్దానివైనంక గూడ బజార్ల ఆ ముగ్గుర్ని గుర్తు పడ్తవు. తలకాయలు ఒక దిక్కు సొట్టగుంటయి.”

అది తిట్టో, ఎగతాళో, తీర్పో పద్మమ్మకు తెలియలేదు. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది.

గౌసియాబీ లేవబోయింది. మోకాలు పట్టేసి, మూలిగి, మళ్ళీ కూలబడింది. ఊరందరి కాళ్ళూ పట్టిన ఆ మనిషి కాలు, చీర అంచు కింద, కట్టెలా ఉంది. మోకాలిచిప్ప చుట్టూ కండ కరిగిపోయి ఎముక తేలింది.

పద్మమ్మ తొట్టిదగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చింది. రెండు చేతులూ రుద్దుకుంది. వెచ్చబడేదాకా. ముందుకు చాచిన అరచెయ్యి మధ్యలో ఆగింది. తిరగబడింది.

ఒక మోకాలికి ఆనించింది. రెండోదానికి ఆనించింది. మళ్ళీ మొదటిదానికి వచ్చింది.

“ఏమంటున్నది?” అడిగింది గౌసియాబీ, గోడవైపు చూస్తూ.

“వేడి లేదు. వాపు లేదు. రెండు ఒక్కతీరున్నయి.”

“నేనది అడగలె. ఒప్పుకున్నదా అని అడిగిన.”

పద్మమ్మ చెయ్యి తీయనూ లేదు, ఒత్తనూ లేదు. అట్లాగే వేళ్ళ వెనకవైపు మోకాలికి ఆనించి కూచుంది. బయట పట్టాలమీద బండల వ్యాగన్లు ఒకదాన్నొకటి తగులుకుంటూ పోయాయి. చివరి వ్యాగను దాటిపోయిన చాలాసేపటికి, గౌసియాబీ కాలు కదపకుండానే చెయ్యి చాచి, నూనె గిన్నెను ఒక వేలితో ఆమె వైపు నెట్టింది.